యేసుకి ఊరుంది, భాషుంది, గోత్రముంది. మనం మాత్రం వదిలేయాలా?

 

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. రాస్తున్నది ఒక్కరు కాదు. మాలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, శంకుదేవుడికి మొక్కేవాళ్ళున్నారు, ఏదీ లేనివాళ్ళు ఇద్దరున్నారు. హాస్టల్ రూమ్‌లో మూడు రాత్రులు కూర్చుని వాదించుకుని, ఒప్పుకున్నంత వరకు రాశాం. ఒప్పుకోని చోట ఒప్పుకోలేదనే రాశాం.

ఈ చైత్రంలో రెండు సంగతులు మా చెవిన పడ్డాయి. ఒక ఊళ్ళో డిగ్రీ ఫస్టియర్ చదివే చెల్లి ఇటుకల పండగకి ఇంటికెళ్ళి, స్నేహితురాళ్ళతో కలిసి థింసా ఆడింది. తర్వాతి ఆదివారం ఆమెను సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. అది సైతాను ఆట అట. యేసు ఉన్న ఒంట్లో ఆ అడుగులు పడకూడదట. ఇంకో ఊళ్ళో చర్చికి పోయే కుటుంబంలో ముసలాయన చనిపోతే, "తెల్లోడి దేవుడి దగ్గరికి పోయారు కదా, ఆ దేవుణ్ణే జాగా అడగండి" అని శ్మశానం దగ్గర అడ్డుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని సర్దేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా శవం ఎండలోనే.

ఇలాంటివి ఎక్కడిదాకా పోతాయో సరిహద్దు అవతల బస్తర్‌లో చూశాం. చింద్వాడా అనే ఊళ్ళో ఒక క్రైస్తవ పాస్టర్ 2025 జనవరి 7న చనిపోతే, ఊళ్ళో పూడ్చనివ్వలేదు. దాదాపు మూడు వారాలు శవం మార్చురీలోనే ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పి, చివరికి ఊరికి దూరంగా ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు. కొడుకు అడిగింది మాత్రం సొంత ఊళ్ళో ఆరడుగుల నేల.

మా దగ్గర జరిగిన రెండు సంగతుల్లోనూ అడ్డం పెట్టుకున్నది ఒకే పేరు. ఆ చెల్లిని నిలబెట్టినవాళ్ళూ, శవాన్ని ఆపినవాళ్ళూ ఒక విషయంలో కలిసిపోయారని మాకు అనిపించింది. యేసు వస్తే ఆదివాసీతనం పోతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. వీళ్ళు పోవాలంటున్నారు, వాళ్ళు పోయిందంటున్నారు, అంతే తేడా. ఇంతకీ యేసు ఎవరని క్రైస్తవులు నమ్ముతారో ఇద్దరిలో ఎవరైనా అడిగారా? మేం అడిగాం. బైబిలు తిరగేశాం, లైబ్రరీలో దొరికినంత చరిత్ర చదివాం.

ముందు ఆ ఫోటో సంగతి. మన ఇళ్ళల్లో క్యాలెండర్ మీద ఉండే యేసు, గోధుమరంగు జుట్టు, తెల్లటి మొహం, పక్కకి చూసే చూపు. ఆ తరహా బొమ్మల్లో బాగా పేరు పడింది 1940లో చికాగోకి చెందిన వార్నర్ శాల్‌మన్ అనే చిత్రకారుడు వేసినది. కోట్ల కాపీలు అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. బొమ్మ వేసుకోవడం తప్పు కాదు, ఎవరి యేసుని వాళ్ళు తమలాగే వేసుకున్నారు. మనం దాన్నే అసలు ఫోటో అనుకోవడంతో వచ్చింది చిక్కు.

సువార్తల్లో కనిపించే మనిషి వేరు. ఊరు నజరేతు. ఎంత చిన్న ఊరంటే, ఆ పేరు వినగానే నతనయేలు అనే ఆయన అక్కణ్ణుంచి మంచిదేమైనా వస్తుందా అని ఎగతాళి చేస్తాడు. "ఏజెన్సీ వాళ్ళా?" అని మనల్ని అడిగే గొంతు గుర్తొచ్చింది మాకు. దేశం రోమన్ల చేతిలో ఉంది, పన్నులు వాళ్ళకే. చేసే పని చేతిపని, వడ్రంగి. మాట్లాడే భాష అరామిక్. సువార్తలు గ్రీకులో రాసినా, ఆయన నోటి మాటలు కొన్ని మాత్రం అరామిక్‌లోనే ఉంచేశారు. తండ్రిని పిలిచే "అబ్బా", చెవిటివాడితో అన్న "ఎప్ఫతా" అలాంటివే. ఆయన శిష్యుడు పేతురునైతే యెరూషలేములో యాసను బట్టి గలిలయవాడని పట్టేశారు. వైజాగ్‌లో బస్సెక్కి రెండు మాటలు మాట్లాడగానే మన ఊరు పట్టేస్తారు చూడండి, అలా.

గోత్రం సంగతి ఇంకా ఆశ్చర్యం. కొత్త నిబంధన మొదటి పేజీ తెరిస్తే అద్భుతాలు లేవు, బోధలు లేవు. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి మనవడు ఎవరు అని వంశం లెక్క. అందులో తామారు, రాహాబు, రూతు లాంటి ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి, వాళ్ళలో బయటి జాతుల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తెలుగు బైబిలే యేసుది యూదా గోత్రం అంటుంది. ఆ గోత్రానికి గుర్తు సింహం. మనలో కిల్లో వాళ్ళకి పులి, కొర్ర వాళ్ళకి సూర్యుడు, పాంగి వాళ్ళకి గద్ద. వాళ్ళ గోత్రమూ మన గోత్రమూ ఒకటేనని చెప్పడం లేదు, పెళ్ళి లెక్కలు, మొక్కులు అన్నీ వేరు. కానీ "గోత్రాలు చీకటి కాలం నాటివి, వదిలేయండి" అని మైకులో చెప్పే పాస్టర్ గారు మత్తయి మొదటి అధ్యాయాన్ని ఏం చేస్తారో మాకు తెలీదు.

"అదంతా పైపైన. లోపల ఆయన దేవుడు కదా, దేవుడికి ఊరేంటి, గోత్రమేంటి?" అని మాలోనే ఒక అన్న అడిగాడు, ఆయన బాప్తిస్మం తీసుకున్నవాడే. సరిగ్గా ఈ ప్రశ్న మీదే క్రైస్తవులు మొదటి నాలుగైదు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. ఇది మన సండే స్కూళ్ళలో ఎందుకు చెప్పరో గానీ, వింటే మంచి కథ.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే ఒక మతపెద్ద ఉండేవాడు. యేసు గొప్పవాడే గానీ దేవుడు సృష్టించినవాడు, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడు. గొడవ పెరిగి పెరిగి, చివరికి చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 325లో బిషప్పులందర్నీ ఇప్పటి టర్కీలో ఉన్న నైసియాకి పిలిపించాడు. కొడుకు సృష్టి కాదు, తండ్రిదీ కొడుకుదీ ఒకే సారం అని అక్కడ తేల్చారు. 2025కి దానికి 1700 ఏళ్ళు. తేల్చారన్న మాటే గానీ గొడవ ఆగలేదు. నైసియా పక్షాన నిలబడ్డ అథనేసియస్‌ని ఐదుసార్లు ఊరి నుంచి వెళ్ళగొట్టారు. ఆ రోజుల్లో కాన్‌స్టాంటినోపుల్ బజార్లో రొట్టె ధర అడిగితే తండ్రి పెద్దా కొడుకు పెద్దా అని వాదన మొదలెడతారని గ్రెగరీ అనే బిషప్ విసుక్కున్నాడు. మా మెస్‌లోనూ ఈ వారం అదే పరిస్థితి.

మనకి పనికొచ్చేది దీని తర్వాతి గొడవ. యేసు పూర్తిగా దేవుడే అని తేలాక, మరి మనిషా కాదా అన్న ప్రశ్న వచ్చింది. ఒంటికి మనిషే గానీ లోపల మనసు మాత్రం దేవుడిదే అని అపొల్లినారిస్ అనేవాడు చెప్పాడు. అంటే మా అన్న అన్నదే, పైన మనిషి తొడుగు, లోపల దేవుడు. సంఘం దీన్ని కాదంది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో ఈ బోధను తప్పని కొట్టేశారు. నాజియాన్జస్ ఊరివాడైన ఇంకో గ్రెగరీ దీనికి చెప్పిన కారణం మా అందరికీ నచ్చింది, నమ్మనివాళ్ళకి కూడా. మనిషిలో దేన్ని యేసు తనదిగా తీసుకోలేదో అది బాగుపడదు అన్నది ఆయన వాదన. మనసు తీసుకోకపోతే మనసుకి మందు లేదు. చివరికి 451లో కల్సిడాన్ సభ ఒక మాట మీదికొచ్చింది. యేసు ఒక్కడే, ఆయనలో దైవత్వమూ పూర్తిగా ఉంది, మానవత్వమూ పూర్తిగా ఉంది, ఒకదానిలో ఒకటి కలిసిపోదు, ఒకదాన్నుంచి ఒకటి విడిపోదు. ఆ మాటల కూర్పు నచ్చక ఈజిప్టు, అర్మేనియా, సిరియా సంఘాలు కొన్ని విడిపోయాయి, కేరళలో వాళ్ళ పాయ ఇప్పటికీ ఉంది. అయినా యేసు నిజంగా మనిషి అన్న దగ్గర వాళ్ళూ తగ్గలేదు.

నిజంగా మనిషి అంటే ఏంటి? లూకా రాసినదాని ప్రకారం ఆయన జ్ఞానంలో పెరిగాడు. అంటే పిల్లాడిగా తెలియనివి ఉన్నాయి, నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర? అమ్మ దగ్గర, ఊళ్ళో, తన భాషలో. ఆకలేసింది, బావి దగ్గర అలిసి కూలబడ్డాడు, పడవలో నిద్రపోయాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. లోకాంతం ఎప్పుడో తనకి తెలీదని మార్కు సువార్తలో ఆయనే చెప్తాడు. సిలువ మీద దేవుడు తనను విడిచిపెట్టేశాడని కేక పెట్టాడు, అది కూడా అరామిక్‌లోనే. ప్రాణం పోయేటప్పుడు ఎవరికైనా తల్లి భాషే వస్తుంది.

ఇక్కణ్ణుంచి మా వాదన. భాష లేని మనసు, ఊరు లేని మనిషి, చుట్టాలు లేని మనిషి ఎక్కడా ఉండరు. యేసు పూర్తిగా మనిషి అని చర్చి తన విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటోంది కాబట్టి, ఒక జనంలో పుట్టి ఆ జనంగా బతకడం దేవుడికి తక్కువ కాలేదని చెప్పుకుంటున్నట్టే. అలాంటప్పుడు ఆదివాసీ ఒడియాలో, కువిలో, సవరలో ప్రార్థిస్తే తక్కువైనట్టు, తెలుగు గ్రాంథికంలో ప్రార్థిస్తేనే దేవుడికి వినబడుతున్నట్టు ఎందుకు నడుస్తోంది మన చర్చిల్లో? మోరి, కిరిడి, డప్పు గుమ్మం దగ్గరే ఆగిపోయి, కీబోర్డు మాత్రం లోపలికి ఎలా వెళ్ళింది? కీబోర్డు యెరూషలేము నుంచి రాలేదు కదా.

ఈ ప్రశ్న కొత్తది కూడా కాదు. మొదటి శిష్యులందరూ యూదులే. యూదులు కానివాళ్ళు నమ్మడం మొదలెట్టాక, వీళ్ళు ముందు యూదులుగా మారాలా, సున్నతి చేయించుకోవాలా అని పెద్ద గొడవైంది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. యెరూషలేములో కూర్చుని అక్కర్లేదన్నారు. గ్రీకువాడు గ్రీకువాడిగానే యేసుని నమ్మొచ్చు. కొండదొర కొండదొరగా, భగత భగతగా నమ్మడానికి మాత్రం ఏం అడ్డం?

ఇక్కడ ఆపేస్తే మేం మోసం చేసినట్టు. అదే అధ్యాయంలో విగ్రహాలకి అర్పించినవి తినొద్దని కూడా రాసుంది, మన పాస్టర్లు చూపించేది ఆ వాక్యాన్నే. చర్చికి వెళ్ళే మా అక్క నిక్కచ్చిగా చెప్పింది, "నేను థింసా ఆడతాను, నా భాష మాట్లాడతాను, గోత్రం తప్పి పెళ్ళి చేసుకోను. కానీ జాకరమ్మ దగ్గర కోసిన కోడి తినను. అది నాకు యేసుకి ఇచ్చిన మాట." ఆమె మాటకి మేం విలువివ్వాల్సిందే. యేసు కూడా యూదుడిగా ఒక్క దేవుణ్ణే మొక్కినవాడు, ఆయన్ని నమ్మినవాళ్ళు ఇంకో దేవుడికి మొక్కకపోతే అందులో మోసం లేదు. పౌలు కొరింథు వాళ్ళకి రాసిన మొదటి ఉత్తరంలో ఈ మాంసం సంగతి మీదే మూడు అధ్యాయాలు తిప్పి తిప్పి చెప్తాడు. విగ్రహంలో ఏమీ లేదంటాడు, అయినా రెండు బల్లల దగ్గర కూర్చోలేరంటాడు, సంతలో కొన్న మాంసం అడక్కుండా తినమంటాడు. రెండు వేల ఏళ్ళ కింద కూడా తేలిగ్గా తెగలేదన్నమాట.

మన దగ్గర అది ఇంకా చిక్కు. పూజ ఒక పక్క, సాగు ఒక పక్క అని మనకి వేరుగా లేవు. విత్తనం ముందు దేవుడి దగ్గరికెళ్ళి తర్వాత పొలానికి వస్తుంది. కొత్త పంట కూడా అంతే. ఆ ఒక్క కోడి దగ్గర తప్పుకున్న ఇల్లు, చూస్తుండగానే విత్తనాల దగ్గర, బదులు పని దగ్గర, చావు భోజనాల దగ్గర తప్పుకుంటుంది. మాలో మొక్కేవాళ్ళ బాధ అది. "మీరు దేవుణ్ణి మార్చుకున్నామంటారు, మాకు మాత్రం ఒక ఇల్లు తగ్గుతుంది" అన్నాడొక తమ్ముడు. దీనికి సమాధానం బైబిల్లో దొరకలేదు. మాలో ఒకరి ఊళ్ళో మాత్రం పెద్దలు ఒక దారి చూసుకున్నారు. చర్చి ఇళ్ళు బలికి డబ్బివ్వవు, బియ్యం ఇస్తాయి. విత్తనాల పూజ అయ్యేదాకా పక్కన ఉంటాయి, అయ్యాక ఆట దగ్గరికి, భోజనానికి వస్తాయి. వాళ్ళకి విడిగా వండుతారు. పదేళ్ళుగా నడుస్తోంది. ఏ పాస్టరూ, ఏ సంఘ నాయకుడూ వచ్చి చెప్పింది కాదు.

"తెల్లోడి దేవుడు" అనే మన అన్నలకి కూడా రెండు మాటలు. యేసు పుట్టింది ఆసియాలో. చంపింది రోమన్ గవర్నర్. ఇంగ్లండు వాళ్ళు మన కొండలెక్కడానికి వందల ఏళ్ళ ముందే కేరళలో క్రైస్తవులున్నారు, ఆయన భాషకి దగ్గరి చుట్టమైన సిరియాక్‌లో ఇప్పటికీ అక్కడ కొన్ని చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి. ఇంకోటి, మన నాయనమ్మలు ఎందుకు నమ్మారో ఎప్పుడైనా అడిగారా? డబ్బుకి అమ్ముడుపోయారని వాట్సాప్‌లో తిప్పడం తేలిక. మేం అడిగాం. ఒకామె చిల్లంగి పెట్టిందని ఊరంతా వెలివేసిన మనిషి. ఆమె ఇంటికి వచ్చి చేత్తో అన్నం తిన్నది చర్చి వాళ్ళే. ఇంకో ఇంట్లో పిల్లాడి జ్వరానికి మూడు మేకలు, లెక్కలేనన్ని కోళ్ళు పోయాక ప్రార్థనకి వెళ్ళారు. ఇంకో ఇంట్లో తాత సారా మానేశాడు. వాళ్ళకి నైసియా తెలీదు, కల్సిడాన్ తెలీదు. దయ్యాలకన్నా బలమైనవాడు, వెలివేసినవాళ్ళ ఇంట్లో తినేవాడు అని మాత్రం తెలుసు. సువార్తల్లో యేసు చేసింది కూడా ఎక్కువగా ఈ రెండు పనులే. దీన్ని తెల్లోడి కుట్ర అంటే మన ముసలివాళ్ళ తెలివిని మనమే అవమానించినట్టు. (ప్రార్థన చాలు, ఆసుపత్రి వద్దు అనే వాళ్ళ మీద మాకు వేరే కోపం ఉంది, అది ఇంకో పోస్టులో.)

యేసుని మనలాగే వేసుకుంటే సరిపోతుందా? అదీ తేలిక కాదు. 2013లో రాంచీ దగ్గర సింగ్‌పూర్‌లో మరియమ్మ విగ్రహం పెట్టారు. ఎర్రంచు తెల్లచీర, నల్లటి మొహం, చంటి యేసుని ఆదివాసీ తల్లిలా గుడ్డతో కట్టుకుని. చర్చి వాళ్ళు ప్రేమతోనే పెట్టామన్నారు. సర్నా ఆదివాసీలు ఊరేగింపులు తీశారు, అది మా ఆడవాళ్ళ చీర, మమ్మల్ని కలిపేసుకోవడానికి వేసిన ఎత్తు అని. ఇక్కడ మాలో ఒప్పందం కుదరలేదు. ఆ చర్చిలో కూర్చునే ముండా, ఉరాఁవ్ ఆడవాళ్ళు కూడా అదే చీర కట్టుకునే ఇళ్ళల్లో పుట్టారు, వాళ్ళకి హక్కు లేదా అని కొందరం. నిన్నటిదాకా ఆ చీర చీకటి అని ఈ రోజు విగ్రహానికి కడితే అనుమానం రాదా అని ఇంకొందరం. ఒక్కటి మాత్రం అందరం ఒప్పుకున్నాం. విగ్రహానికి చీర కట్టేముందు, ఆ చీర కట్టుకున్న మనుషుల ఆటని, పాటని, మాటని పాపం అనడం మానాలి.

చివరగా చట్టం సంగతి, ఎందుకంటే దీని మీద అబద్ధాలు రెండు వైపులా తిరుగుతున్నాయి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీ ఉత్తర్వులో లేదు. చర్చికి వెళ్తే సర్టిఫికెట్ పోతుందని బెదిరిస్తే నమ్మకండి. కానీ కేరళ ప్రభుత్వానికి, చంద్రమోహనన్‌కి మధ్య కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా తెలుసుకోండి. మతం మారినంత మాత్రాన తెగ పోదు, అయితే ఆ మనిషి తెగ ఆచారాలతో ఇంకా ముడిపడి ఉన్నాడా లేదా అన్నది వాస్తవాలు చూసి తేల్చాలి అంది. మతం మారినవాళ్ళని జాబితా నుంచి తీసేయాలని డిమాండ్ చేసేవాళ్ళు ఒక పక్క ఊరేగుతుంటే, ఇంకో పక్క పండగ మానండి, ఆట మానండి, గోత్రం మానండి అని మైకులో చెప్పేవాళ్ళు వాళ్ళకి సాక్ష్యం తయారు చేసి ఇస్తున్నారు. పాస్టర్ గారి పిల్లలకి కూడా ఆ సర్టిఫికెట్టే ఆధారం.

మేం అడిగేది ఎక్కువేం కాదు. సంఘాల్లో ఉన్న అన్నలు, అక్కలు మీ పాస్టర్ గారిని కూర్చోబెట్టి, యేసు పూర్తిగా మనిషేనా అని అడగండి. అవును అంటారు, అనక తప్పదు. ఆ తర్వాత థింసా సంగతి ఎత్తండి. ఊరి పెద్దల్లో ఉన్నవాళ్ళు శ్మశానం సంగతి ఈ ఏడాదే తేల్చండి, ఇంకో శవం లేవకముందే. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకి మన ఊళ్ళో నేల, ఎవరిని మొక్కినా సరే.

ఆ చెల్లితో మాట్లాడాం. చర్చి మానేస్తావా అని అడిగితే నవ్వింది, "నేనెందుకు మానాలన్నా, అది నా చర్చి కూడా కదా" అంది. మొన్న ఆదివారం పాట తనే ఎత్తుకుందట, ఆదివాసీ ఒడియాలో. వెనక కూర్చున్న ముసలమ్మలు అందుకున్నారట. పాస్టర్ గారు ఆపలేదు. డప్పు మాత్రం ఇంకా బయటే ఉంది.